ఏడింటి నీళ్లు

ఆ రోజుల్లో మనుషులు మీటింగులకు వెళ్లడం మానేశారు. ఎవరి ఫోను వారి తరఫున మాట్లాడేది. బెజవాడలోని ఆ అపార్ట్‌మెంటులో పన్నెండిళ్ల ఫోన్లూ మూడు వారాలుగా ఎంతో మర్యాదగా చర్చిస్తున్నాయి. అందరికీ పొద్దున ఏడింటికే నీళ్లు కావాలట. అందరూ ఒకేసారి కుళాయి తిప్పడంతో పై అంతస్తులకు చుక్క ఎక్కడం లేదు.

సభ నడిపే విద్య నేర్చుకుంటున్న భ్రమరాంబకు ఈ తగువు తీర్చడమే ప్రాక్టికల్ పరీక్ష. పైగా ఆమె ఉండేది ఐదో అంతస్తులో. బిందెలు మోసి మోసి నడుము పట్టేసింది. చివరికి ఫోన్లన్నీ ఒక మూలన పెట్టించి, మనుషులనే మేడ మీద కూర్చోబెట్టింది.

ముందు భ్రమరాంబే మొదలుపెట్టింది.

"నరసింగరావు గారూ, మీకు ఏడింటికే ఎందుకండీ?" అని అడిగింది.

"నాకెందుకమ్మా? నేను లేచేదే పదింటికి. నేను రిటైరైన సంగతి నా ఫోనుకి తెలీదు."

"ఓరి దేవుడో! నేను ఐదింటికే స్నానం చేసేస్తా. ఏడని ఎవరు చెప్పారంట?" అంది రెండో అంతస్తు హసీనా.

ఇక అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. భ్రమరాంబ సుద్దముక్కతో గోడ మీద టైములు రాసుకుంటూ పోయింది. పావుగంట తిరిగేసరికి ఏడింటికి ముగ్గురే మిగిలారు.

మర్నాడు ఆమె ఫోను బాత్రూం తలుపవతల నుంచి పరీక్ష ఫలితం చదివింది. "సభలో అరుపులు నలభై ఒకటి. ఒకరి మాటకొకరు అడ్డుపడటం లెక్కకందలేదు. అభ్యర్థి ఫెయిల్."

తలనిండా కుంకుడు నురగతో ఉన్న భ్రమరాంబ, "మళ్లీ కడతాలే" అని కుళాయి ధార కింద ఇంకో చెంబు నింపి పోసుకుంది.