పదకొండు ఎర్ర బొట్లు

"ఇదేం ముగ్గు కనకలక్ష్మక్కా? బొట్లు పెట్టి గీతలు మర్చిపోయినవా?"

మూడో తరగతి గది గడపలో నిలబడి హెడ్మాస్టరు కుమారస్వామి తల పట్టుకున్నాడు. బిల్డింగుల సర్వే మేడం వచ్చే వేళ అది. వేసవి సెలవుల్లో వారం రోజులు దగ్గరుండి గోడలకూ స్లాబుకూ సున్నం వేయించాడాయన. గది పెళ్లివారిల్లులా మెరిసిపోతోంది. తీరా చూస్తే బడి ఆయా కనకలక్ష్మి గోడల అంచులకు వేయగా మిగిలిన ఎర్ర రంగుతో నేల మీద పదకొండు బొట్లు పెట్టేసింది. ఒకటి బోర్డు ముందు, ఒకటి కిటికీ పక్కన, వరసంటూ లేదు.

"ఆరినంక మంచిగనే ఉంటది తియ్యి సారూ," అంటూ ఆమె చీపురు పట్టుకుని పోయింది. మొండిఘటం! తుడిపిద్దామంటే అప్పటికే కాటారం నుంచి వచ్చిన జీపు గేటు దగ్గర ఆగింది.

ఇంజనీరు సింధూజ గదంతా తిరిగి ఫోనులో ఫొటోలు తీసింది. "చాలా బాగుంది సార్. ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నా."

కుమారస్వామి ముఖం చేటంత అయింది. "మీ దయ మేడం! మరి స్లాబు రిపేరు ఎప్పుడు మొదలువెడ్తరు?"

"రిపేరా? నాలుగు వస్తే ఐదేళ్ల దాకా దీని జోలికి ఎవరూ రారు. జిల్లాలో సర్కారు బిల్డింగులన్నీ చూస్తున్నది అందుకే కదా. ఒకటీ రెండూ వచ్చినవాటికే ముందు రిపేరు."

ఏ ఆఫీసరొచ్చినా బడిని ముస్తాబు చేసి చూపించడమే ఇన్నేళ్లూ కుమారస్వామికి తెలిసిన విద్య.

"మేడం, వానొస్తే గదంత కురుస్తది. పెచ్చులూడి పిల్లల నెత్తిన ఎప్పుడు పడ్తయోనని నా పానం కొట్టుకుంటది. ఉన్న మరకలన్ని నేనే సున్నం కింద దాచిపెట్టిన. జర రెండు వేయుండ్రి."

"కనిపించనిది ఎట్లా రాయను సార్? ఫొటో ఉండాలి." అయినా జాలిపడి బ్యాగులోంచి సుత్తి తీసింది. "కొట్టి చూస్తా. లోపల గుల్లబారితే శబ్దంలో తెలుస్తుంది. ఎక్కడెక్కడ కురుస్తుందో చూపించండి."

ఆయన తలెత్తి చూశాడు. పైనంతా తెలుపే. అక్కడన్నాడు, కాదు ఇక్కడన్నాడు. సున్నానికి తెచ్చిన నిచ్చెన మూడు చోట్లకు మారింది. కొట్టిన ప్రతిచోటా స్లాబు గట్టిగా పలికింది. మేడం గడియారం చూసుకుంది.

"గీ బొట్టు దగ్గర పెట్టుండ్రి నిచ్చెన," అంది వెనక నుంచి కనకలక్ష్మి.

సింధూజ ఆ బొట్టుకు సరిగ్గా పైన కొట్టింది. డొల్లగా మోగింది. రెండో దెబ్బకు పెద్ద పెచ్చు ఊడి దబ్బున పడింది. లోపల తుప్పు పట్టిన ఇనుప చువ్వ బయటపడింది. ఇంకో బొట్టు, ఇంకో పెచ్చు. నాలుగో బొట్టుకే ఆమె నిచ్చెన దిగి, ఫొటోలు తీసుకుని, నాలుగును ఒకటి చేసింది.

"ఈ గదికి తాళం వేయండి సార్. రిపేర్ల మొదటి లిస్టులో మీ బడి ఉంటుంది."

జీపు వెళ్లిపోయింది. కుమారస్వామి కళ్లు చెమ్మగిల్లాయి. ఆయాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

"అక్కా, నీ రుణం తీర్చుకోలేను. పొద్దున తిట్టిన, మనసుల పెట్టుకోకు. మేడం కోసమని ముందుగాలనే గుర్తులు పెట్టినవ్ చూడు, గా తెలివి నాకు లేకపాయె."

కనకలక్ష్మి నాలుక కరుచుకుంది.

"అయ్యో, మేడం కోసం కాదు సారూ! మీరు సున్నం ఏయిస్తే మరకలన్ని మాయమైపాయె. వానొస్తే గిన్నెలు యాడాడ పెట్టాల్నో మర్చిపోతనని పెట్టుకున్న."