చౌక దేశం

“నెల పాఠం వారంలో పట్టేశావే అమ్మాయ్!” అంది సీనియరు. వంతెనల డిజైన్ నేర్పమని ఆమెను హెడ్డాఫీసు వేరే దేశం నుంచి పంపింది.

“అక్కా, మీ జీతం మా జీతానికి ఆరింతలట కదా?” అడిగింది కొత్త ఇంజనీరు.

“సగం ఇంటద్దె మింగుతుంది. మిగతాది పిల్లాణ్ని చూసేవాళ్లకి.”

“మరి మీకేం మిగులుతుంది?”

“ఉద్యోగం. నీ పాఠం పూర్తయ్యేదాకే అదీను. తర్వాత నన్ను తీసేసి నా పని నీకిస్తారు. నువ్వు చౌక కదా!”



“మాకంటే చౌక దేశం ఉందా అక్కా?”

“ఎందుకు లేదూ? మన మేనేజరు ఇప్పుడు అక్కడే ఉన్నాడు. కొత్త ఆఫీసుకు గదులు చూస్తున్నాడు.”

కొత్త ఇంజనీరు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఈ పాఠం నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదక్కా. మళ్లీ మొదట్నుంచి చెప్పండి. బాగా నిదానంగా.”