జాడీల సినిమా

శివనాగరాజు మీద జయరావుకు ఒకటే మంట. ఎంత గొప్ప కొరియా సినిమా పెట్టినా, పేర్లు పడటం ఆగకముందే గురక మొదలెడతాడు.

తిట్టినా పడతాడు. మర్నాడు మళ్ళీ వస్తాడు. మే నెల ఎండలో కూడా చంకలో స్వెట్టరు పెట్టుకునే వస్తాడు.

"స్వెట్టరొక్కటి ఉంటే కొరియా హీరోవైపోవురా. ముందు కళ్ళు తెరిచి చూడు" అనేవాడు జయరావు.

ప్రత్తిపాడు చుట్టుపక్కల కొరియా సినిమా అంటే జయరావే. చదివింది ఏడో తరగతి. ఊళ్ళో ఏ తగువులోనూ అతని మాట చెల్లదు. చర్చి కమిటీలో వేసుకోలేదు. రైతుల మీటింగులో కుర్చీ చూపించలేదు. అందుకని అందరి మీదా కడుపుమంటే. కానీ ఫోన్లో తెలుగు డబ్బింగుతో వచ్చిన కొరియా సినిమా అన్నదాన్ని వదలకుండా నమిలి మింగాడు. ఆ ఒక్క విషయంలో తనను అడగకుండా ఎవడూ అడుగు ముందుకెయ్యకూడదని అతని పట్టు.

అసలు పేర్లకు అతని నోరు తిరగదు. సొంత పేర్లు పెట్టుకున్నాడు. నూడుల్స్ సినిమా, వాన సినిమా, పగ సినిమా. కొత్తగా ఈ పిచ్చి పట్టినవాళ్ళకు వాటిని పురుగుమందుల షాపువాడిలా వరస తప్పకుండా చెప్పేవాడు.

"లేత మొక్క మీద ఘాటు మందు కొడితే మాడిపోద్ది. ముందు నూడుల్స్ సినిమా చూడు. కడుపు నిండినాక వాన సినిమా. ఏడుపు అలవాటయ్యాకే పగ సినిమా. వరస తప్పితే నాకు సంబంధం లేదు."

తమ్ముడి కూతురు జెస్సీకి కాలేజీలో చేరాక కొరియా గాలి సోకింది. ఆ పిల్ల ఎదురు తిరిగింది. "నువ్వు చెప్పేవన్నీ ముసలాళ్ళ సినిమాలు పెదనాన్నా. మా హీరోల జుట్టు చూశావా, ఎంత బాగుంటదో!"

"జుట్టు చూడటానికి సినిమా ఎందుకమ్మా? సెలూనుకి పో."

అతనికి కావలసింది ఒకే ఒక్కడు. తను చెప్పిన సినిమా చివరిదాకా చూసి, 'నువ్వు చెప్పింది నిజమన్నా' అనేవాడు.

తీరిక బోలెడంత ఉంది. ఆ ఏడు మిర్చికి ధర లేదు. రంగు తెల్లబడ్డ తాలుకాయ ఒక్కటీ కలవకుండా, భార్య ఎలీసమ్మ నడుం విరగ్గొట్టుకుని ఏరిన ఎర్రటి కాయ. దాన్ని గోతాలకెత్తి, మూతులు కుట్టించి, ఆ తొంభై నాలుగు టిక్కీలూ కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నాడు. ధర లేస్తేనే అప్పు తీరేది, సగంలో ఆగిన ఇంటికి కప్పు పడేది.

ఆఖరి ప్రయత్నంగా ఒకరోజు శివనాగరాజుకు జాడీల సినిమా పెట్టాడు.

కొరియాలో ఒక ముసలావిడ. పెరట్లో నాలుగు తరాలుగా ఊరుతూ, బంగారమంత ధర పలికే సోయా రసం జాడీలు. నమ్మకంగా తిరిగే పనివాడు ఆ రసం తోడుకుని, బదులు బజారు రసం పోస్తుంటాడు.

శివనాగరాజు గురక పెట్టలేదు. లేచి కూర్చున్నాడు.

"ఆగన్నా. కాస్త వెనక్కి తిప్పు. ముసల్ది మూత తీసి చూడదా?"

"ఎందుకు చూస్తదిరా? పొద్దున్నే జాడీలు లెక్కపెట్టుకుంటది. లెక్క సరిపోద్ది. మనిషి లెక్క చూసుకుంటాడు గానీ లోపల చూసుకోడు. డైరెక్టరు చెప్పేదే అది!"

"మరి మూతికి కట్టిన గుడ్డ? మళ్ళీ అట్టానే ఎట్టా కట్టాడు?"

జయరావు ఒళ్ళు పులకరించింది.

"అదిరా చూపంటే! విప్పేముందు ముడిని ఫోటో తీసుకుంటాడు, చూడు. ఈ సీను ఎవడూ పట్టించుకోడు. నువ్వు పట్టావు!"

మర్నాడు శివనాగరాజు అదే సినిమా మళ్ళీ పెట్టమన్నాడు. మధ్యమధ్యలో ఆపించాడు. ఆపినప్పుడల్లా జయరావు విప్పి చెప్పాడు. పనివాడు అన్నీ ఒక్కసారే ఎందుకు మార్చలేదు, ముందు గోడవైపు వరసలో చెయ్యి ఎందుకు పెట్టాడు, ఎదురుగా కనపడేవాటిని ఆఖరికి ఎందుకు ఉంచాడు.

ఎలీసమ్మ టీ గ్లాసులు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. "ఆ ముసల్దాని జాడీల గొడవ మనకెందుకయ్యా? మన టిక్కీల ధర ఏమైందో కనుక్కోరాదూ?"

"నీకు కళ అంటే తెలీదులే, పో" అన్నాడు జయరావు. శివనాగరాజు వైపు తిరిగి, "దీనికి బాబులాంటి సినిమా ఇంకోటుంది, చెప్పనా?" అన్నాడు.

"వద్దన్నా." శివనాగరాజు స్వెట్టరు భుజాన వేసుకుని లేచాడు. "నాకిది చాలు. బతుక్కి సరిపడా చూపించావు."

జయరావుకు కళ్ళు చెమర్చాయి. ఆదివారం చర్చి బయట జెస్సీని ఆపి మరీ చెప్పాడు. "శివనాగరాజుని చూసి నేర్చుకో. ఒక్క సినిమా చూశాడు. మనిషే మారిపోయాడు."

ఆ తర్వాత శివనాగరాజు రావడం తగ్గించాడు. పని ఎక్కువైందన్నాడు. జయరావు ఏమీ అనుకోలేదు. ఎదిగిన శిష్యుడు ఇంకా గురువు అరుగు మీదే కూర్చుంటాడా?

దసరా వెళ్ళాక ధర లేచింది. జయరావు లారీ మాట్లాడుకుని స్టోరేజీకి వెళ్ళాడు. బయటికి వచ్చిన టిక్కీలను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. సరిపోయింది. మూతుల కుట్లు చూశాడు. తను కుట్టించినట్టే ఉన్నాయి. ఈల వేసుకుంటూ సంతకం పెట్టి, సరుకును గుంటూరు యార్డుకు తోలించాడు.

అక్కడ కొనేవాడు మొదటి టిక్కీకి కోత పెట్టి గుప్పెడు కాయ బయటికి లాగినప్పుడు, తనకు దొరికిన ఏకైక శిష్యుడు ఎండాకాలంలోనూ స్వెట్టరు వేసుకుని ఆ కోల్డ్ స్టోరేజీ గదుల్లోనే టిక్కీలు పేర్పించే మేస్త్రీ అన్న సంగతి జయరావుకు మొదటిసారిగా గుర్తొచ్చింది, ఎందుకంటే లెక్కకు తొంభై నాలుగు టిక్కీలూ ఉన్నాయి, తొంభై నాలుగూ తాలే.