విమానాల తోట

"ఆ ఒక్కటీ వదిలెయ్యండి బాబుగారూ!"

ముసలాయన తుమ్మచెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.

రేంజర్ చలపతిరావుకి ఒళ్లు మండింది. గన్నవరంలో విమానం దిగే వేళయింది. పెద్దాఫీసర్లు అక్కణ్ణుంచి కార్లలో నేరుగా ఈ దివిసీమ కరకట్ట దగ్గరికే వస్తారు. వాళ్లొచ్చేసరికి నేల చదునై మొక్కలు వరసలో నిలబడకపోతే తన ఉద్యోగానికే ఎసరు.

కంగారులో చెయ్యి అలవాటుగా నడుము మీదికి పోయింది. చొక్కా కింద మొలతాడు తడుముకున్నాడు. నల్లదారంలో ఓ నీలం పోగు కలిపి అమ్మ పేనిన మొలతాడు అది.

"చెట్టు నీదా?"

"కాదండి."

"మరేంటి నీ బాధ? ఆఫీసర్లు విమానాల్లో తిరిగితే బోలెడు పొగ గాల్లో కలుస్తుంది. ఆ పొగకి బదులుగా ఇక్కడ తోట వేస్తున్నాం."

"మంచిదే బాబూ. చెట్లు నాటడానికి చెట్టు కొట్టడమెందుకండీ?"

కూలీలు కిసుక్కున నవ్వారు. చలపతిరావుకి తలకొట్టేసినట్టయింది.

"వరస మధ్యలో అడ్డంగా ఉంది. తప్పుకో!"

"దీన్ని చూస్తే ఓ పిల్లాడు ఎక్కడో బతికే ఉన్నాడనిపిస్తుందండి నాకు..."

"కథలు తర్వాత చెబుదువుగాని."

భుజం పట్టి కరకట్ట దాకా నెట్టుకొచ్చాడు. "మళ్లీ కనబడ్డావంటే పోలీసుల్ని పిలుస్తా!"

మొదటి గొడ్డలి దెబ్బకి ముసలాయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పాపం, కోడూరు బస్సు వస్తే చెయ్యెత్తి ఎక్కేశాడు.

చెట్టు కూలింది.

"అయ్యగారూ, ఇదేంటో చూడండి." మొక్కలు మోస్తున్న ఎల్లమ్మ పిలిచింది.

ఇందాకటి దాకా ఎవరికీ అందనంత ఎత్తున ఉన్న పంగ ఇప్పుడు కాళ్ల దగ్గర పడి ఉంది. అందులో సగం బెరడు మింగేసిన వలతాడు. నీలం రంగుది. కొస కత్తితో కోసి ఉంది.

చలపతిరావు చెయ్యి మళ్లీ మొలతాడు మీదికి పోయింది.

ఎన్నో ఏళ్ల కిందటి ఉప్పెన మర్నాడు ఏ చెట్టు మీదనుంచో తాడు కోసి దింపిన పసివాణ్ణి, సహాయ శిబిరంలో అమ్మ గుర్తుపట్టి గుండెలకి హత్తుకుంది. వాడి నడుముకి మిగిలిన తాడుముక్కలోంచి ఓ పోగు తీసి మొలతాడులో కలిపి పేనింది. ఆ పసివాడు తనే.

"ఎవరాయన? ఏ ఊరు?" చలపతిరావు ఎల్లమ్మ వైపు తిరిగాడు.

"ఏమోనండి. ఏటా కార్తీకంలో వస్తాడు, చెట్టు నిమురుకుని పోతాడు. ఇంక రాడులెండి, చెట్టు లేదుగా."

కరకట్ట మీద కార్ల దుమ్ము లేచింది. ఎవరో పూలదండ తెచ్చి చేతిలో పెట్టారు. చలపతిరావు కదల్లేదు.

తన బిడ్డని చెట్టుకి కట్టిన మనిషి నీళ్లలో కొట్టుకుపోయాడనుకుని, పేరైనా తెలియకుండా ఏటా కార్తీకంలో అమ్మ ఎవరికి దీపం పెడుతోందో, ఆ మనిషినే అతను ఇందాక భుజం పట్టి గెంటేశాడు.