బెంచీ మీద సంచి

"సభ్యులకు తప్ప ప్రవేశం లేదండీ," అన్నాడు సెక్రటరీ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

మెట్ల మీద జుట్టు నెరిసిన మనిషి ఒకాయన చేతులు జోడించాడు.

"రిటైర్డ్ పోలీసుల సంఘం ఇదేనాండీ? పేపర్లో చూసి వచ్చాను."

"ఇదే. మీరు డిపార్టుమెంటులో చేశారా?"

"లేదండీ. వడ్రంగం పని."

"మరి మాతో ఏం పని?"

"చిన్నప్పుడు మీ కానిస్టేబులొకాయన నన్ను కరెంటు స్తంభానికి కట్టేసి వెళ్లిపోయాడండీ. ఆ సంగతి..."

సెక్రటరీ చెయ్యెత్తి ఆపాడు. ఎప్పుడో తిన్న దెబ్బలకు ఇప్పుడు జవాబు అడగడానికి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఈ మెట్లెక్కడం ఆయనకు కొత్త కాదు.

"చూడండి మేస్త్రీ, ఫిర్యాదులు ఇక్కడ తీసుకోం. పైగా ఇవాళ వార్షికోత్సవం."

"ఫిర్యాదు కాదండీ..."

"దేనికైనా సాక్ష్యం ఉందా?"

"సాక్ష్యమేమిటండీ, నేనే ఉన్నాను గదా!"

"ఎవరికి వాళ్లే సాక్షులైతే ఇక కోర్టులెందుకు? ఆ బెంచీ మీద కూర్చోండి. సభ అయ్యాక చూద్దాం."

"నా బస్సు..."

"కూర్చోండి ముందు."

సెక్రటరీ సర్వీసంతా వేలిముద్రల విభాగంలో గడిచింది. భూతద్దం కింద నిలిచినదాన్నే నమ్మేవాడు. పుకార్లనూ కన్నీళ్లనూ ఒకే గాటన కట్టేవాడు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. ఆ మరుక్షణమే వడ్రంగిని మరిచిపోయాడు.

సభ ఎప్పటిలాగే హాజరుతో మొదలైంది. పేర్లు కాదు, సర్వీసులో బెల్టు బిళ్ల మీద ఉన్న పాత నంబర్లు. మొదటి నంబరు ఏ ఏడూ మారదు.

"ఏడు వందల నలభై రెండు!" పిలిచాడు ప్రెసిడెంటు.

"హాజర్ సార్," అంది ముందు వరుసలో ఉన్న ఆవిడ.

నంబరు ఆవిడది కాదు, తండ్రిది. పెద్ద వరద వచ్చిన నాడు ఏటిగట్టు వీధిలో డ్యూటీలో ఉన్న ఆ కానిస్టేబులు మళ్లీ కనబడలేదు. శవమూ దొరకలేదు. నీళ్లకు భయపడి పారిపోయాడని పైవాళ్లు రాసేశారు. ఆ ఒక్క మాటతో ఇల్లాలూ చంటిపిల్లా దిక్కులేనివాళ్లయ్యారు. ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు రిటైరవుతూనే ఆ ఇంటిని ఆదుకోవడానికి ఒక్కటయ్యారు. సంఘం పుట్టింది అలాగే. తరువాత ఎన్నో ఇళ్లకు అండగా నిలిచింది గానీ, ఏ మాటను చెరపడానికి పుట్టిందో ఆ మాటను మాత్రం చెరపలేకపోయింది.

"మన అర్జీ మళ్లీ తిరిగొచ్చింది," అన్నాడు ప్రెసిడెంటు. "వరద ముంచాక ఆయన్ని డ్యూటీలో చూసినవాణ్ణి ఒక్కణ్ణి తెమ్మంటున్నారు. ఇదే ఆఖరి అవకాశమట. తరువాత ఆ పాత కేసులన్నీ మూసేస్తారు."

"ఎక్కణ్ణుంచి తెస్తాం సార్? ఆ వీధికి వీధే కొట్టుకుపోతేనూ!" అన్నాడు సెక్రటరీ.

ఆవిడ ఆయన వైపు చూసింది.

"పోనీలెండి బాబాయ్. మీరు మాత్రం ఏం చేస్తారు?"

ఆయన కళ్లజోడు తీసి, మరకేమీ లేకపోయినా తుడుచుకున్నాడు.

అప్పుడే వరండాలోంచి కేక వినిపించింది.

"బెంచీ మీద సంచి! ఎవరిదిది?"

ఎవరిదీ కాదు. బెంచీ మీద మనిషెవరూ లేరు.

అంతే, వంగిన నడుములన్నీ యూనిఫాం తొడిగినట్టు నిటారయ్యాయి.

"బాంబేమో! ఎవరూ ముట్టుకోకండి!"

"ముట్టుకునేంత దగ్గరికి నువ్వెప్పుడు వెళ్లావురా, సర్వీసులో ఉండగా?"

"అందరూ బయటికి పరిగెత్తండి!"

"ఆ ముక్క నా మోకాళ్లకు చెప్పు!"

సంచికి అడ్డంగా పూలకుండీలు పేర్చారు. సభంతా రోడ్డుమీదికి చేరింది. సెక్రటరీ నడిరోడ్డులో నిలబడి, చూపు బెంచీ మీదినుంచి తిప్పకుండా, చేత్తోనే వాహనాలను తరిమాడు. ఒక బస్సు వచ్చి వేగం తగ్గించింది.

"బాబాయ్, బస్సులోంచి ఎవరో పెద్దాయన బెంచీ వైపు చెయ్యి చూపిస్తున్నాడు. ఏదో చెబుతున్నాడు."

"అందరికీ వేడుకేనమ్మా! పోనీ, పోనీ!"

బస్సు మలుపు తిరిగిపోయింది. ఏ రూటుదో, నంబరెంతో అంతమంది మాజీ పోలీసుల్లో ఒక్కరూ చూడలేదు.

బాంబు స్క్వాడ్‌లో రిటైరైనాయన గొడుగు పిడితో సంచి నోరు తెరిచి, లోపలికి తొంగిచూసి, నవ్వాడు.

"బెల్టయ్యా! తోలు బెల్టు!"

తోలు బీటలువారింది. ఇత్తడి బిళ్ల మాత్రం కొత్తగా తోమినట్టు మెరుస్తోంది. దానిమీది అంకెలు చూడగానే ఆయన నవ్వు ఆగింది.

ఏడు వందల నలభై రెండు.

ఆవిడ బెల్టును రెండు చేతులతో అందుకుంది.

"ఎవరు తెచ్చారు బాబాయ్?"

"ఎవరో వడ్రంగి అయి ఉంటాడమ్మా. పొద్దున వచ్చాడు."

"పేరేమిటి? ఏ ఊరు?"

"అడగలేదు."

"ఏం చెప్పాడు?"

"ఏముంది, చిన్నప్పుడు ఒక కానిస్టేబులు తనను కరెంటు స్తంభానికి కట్టేసి..."

మాట సగంలో ఆగిపోయింది. కొట్టుకుపోకుండా పసివాణ్ణి తన బెల్టుతో స్తంభానికి కట్టి మళ్లీ నీళ్లలోకి నడిచిన మనిషిని కళ్లారా చూసిన ఒకే ఒక్క సాక్షిని, సెక్రటరీ తన చేత్తోనే మలుపు దాటించేశాడు.