పొద్దుకు ఎదురుగా

"గడ్డం పైకెత్తు రామాంజీ. పొద్దు దిక్కు సూడు, కదలాకు," అన్నాడు ఫోటోగ్రాఫర్ ఈరన్న.

ఆలూరు పత్తిచేలో వాలిన పొద్దు కండ్లల్లో పడి, ఎదురుగా ముసుగులేసుకుని వచ్చినోళ్లు రామాంజికి కనపడలేదు. మొదటి వేటుకే మెడ తెగింది. కిందపడినాక కూడా నరికినారు.

భయంతో చేయి బిగుసుకుపోయి బటన్ నొక్కుతానే ఉండిపోయినానని ఈరన్న పోలీసుల ముందు ఏడ్చినాడు. గాల్లో కొడవలి, నెత్తుటి చుక్కలు, అన్నీ చెక్కినట్టు పడినాయి.

రామాంజి భార్య ఎమ్మిగనూరులో స్టూడియో నడుపుతాది. పోలీసులు ఆ ఫోటోలు చూపిస్తే, రామాంజి ఒక్కడే నిలబడిన మొదటి ఫోటో కింద కెమెరా అంకెల దగ్గరే ఆగిపోయింది.

"కదలకుండా నిలబడినోనికి షట్టర్ స్పీడు రెండొందలు సాలు. ఉరికేదాన్ని పట్టే నాలుగు వేలు, వాళ్లు రాకముందే పెట్టినావు," అంది ఈరన్న దిక్కు తిరిగి. "వేటు పడతాదని నీకెట్ల తెలుసన్నా?"