నూలు లేని మగ్గం

భద్రావతి పొద్దుటినుంచి గుంటమగ్గం తొక్కుతూనే ఉంది. సాయంత్రానికి చీర రెండు మూరలు పెరిగింది గానీ, వ్యాయామం లెక్కపెట్టే చేతి పట్టీలో మాత్రం సున్నాయే ఉంది.

"అది పని. వ్యాయామం కాదు" అంది పట్టీ.

రోజూ ఆ అంకె వందకు చేరకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పాకే పిల్లల దగ్గర్నుంచి పండు ముసలివాళ్ల దాకా అందరికీ ఇప్పుడదే సర్కారు రూలు.

"అరవై రెండేళ్లొచ్చాయి, ఇంకెంత ఒళ్లు వంచను? దీని మొహం మండ!" అని తిట్టుకుంటూ వీధి చివర మైదానానికి వెళ్లింది.

అక్కడి కోచ్ అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. "రండి మామ్మగారూ! మోకాళ్లకి కొత్త వ్యాయామం వచ్చింది. ఈ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోండి. కింద రెండు పలకలూ మార్చి మార్చి తొక్కుతూ, ఈ తాడు లాగండి."

భద్రావతి నివ్వెరపోయింది. అచ్చం తన మగ్గమే, నూలొక్కటే లేదు. కాలు వెయ్యగానే పట్టీలో అంకెలు గబగబా పెరిగాయి.

"పొద్దుట్నుంచీ ఇంట్లో నేను చేస్తంది ఇదే కదమ్మా!"

"అక్కడ చీరొస్తది కదా మామ్మగారూ. ఏమీ రాకపోతేనే వ్యాయామం."

భద్రావతి పళ్లు కొరుకుతూ తాడు లాగింది. వంద దాటగానే పట్టీ మురిసిపోయింది.

"శభాష్! ఇవాళ మొదటిసారి ఒళ్లు వంచారు."